స్వీయకణములే ఔషధము

లింఫోమా యను కాన్సరు మందులకు లొంగనపుడు రోగికి ఇక దిక్కేమి? అతని రక్తమునందే ఒక దారి కలదు.

రక్తములోని టీ-కణములు రక్షకభటుల వంటివి. కాని కాన్సరు కణమును తరచు ఆనవాలు పట్టజాలవు. 1989లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు జెలిగ్ ఎష్హార్ బృందము వానికి శత్రువును గుర్తించు కృత్రిమ గ్రాహకమును అమర్చి చూపెను. రోగి టీ-కణములను వెలికితీసి, ప్రయోగశాలలో ఇట్టి గ్రాహకమును చేర్చి, వృద్ధిచేసి, తిరిగి అతనికే ఎక్కింతురు.

ఇట్లు ఒక లింఫోమా రోగి కణితులు క్షీణించినట్లు 2010లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. 2017లో అచట వయోజన రోగుల చికిత్సకు అనుమతి లభించెను. దానికి ఆధారమైన పరీక్షలో 101 మందిలో సగమునకు పైగా రోగులకు వ్యాధి చిహ్నములు మాసిపోయెను. అయినను తీవ్రజ్వరము, మతిభ్రమ కలుగవచ్చును. కొందరికి వ్యాధి తిరుగబెట్టును.

బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక కేంద్రము కలసి రూపొందించిన ఇట్టి చికిత్సకు 2023లో మన దేశమున అనుమతి లభించెను. దాని వెల విదేశములకన్న చాల తక్కువ. అయినను సామాన్యునికి ఇంకను భారమే.