దేశం మారింది, చేతి పని మారలేదు

వార్షికోత్సవ సంచికకి చరిత్ర మీద ఒక వ్యాసం ఇమ్మని కబురు పెట్టేరు. మేము చదివింది ఎనిమిదో తరగతి. చేసింది మగ్గం పని, ఆ తర్వాత సంఘం లెక్కలు. మన వాళ్ళ వలసల చరిత్ర మాకంటే బాగా తెలిసినవారు రాస్తారు గనక, మేము వేరే వాళ్ళ వలస గురించి రాస్తున్నాం. వాళ్ళు యూదులు. రెండో ప్రపంచ యుద్ధంలో సర్వం పోగొట్టుకుని, కొత్త దేశాలు చేరి, బట్టల వ్యాపారంలో నిలదొక్కుకున్నవాళ్ళు.

ఇది మాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. మాది బరంపురం వైపు చిన్న సంఘం. మా తమ్ముడి కూతురు ఫ్యాషన్ చదువు చదువుతోంది. పోయిన వేసవిలో ఇంటికొచ్చినప్పుడు సంఘం బీరువాలు తెరిచి చూసింది. మా నాన్నగారి కాలం నుంచి నేస్తున్న రకం పట్టు జోళ్ళు దొంతర్లుగా పడి ఉన్నాయి. "పెదనాన్నా, ఇవి ఎవరి కోసం నేయిస్తున్నారు?" అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. తర్వాత ఆ పిల్లే రాత్రిపూట కూచోబెట్టి ఈ సంగతులు మాకు చదివి వినిపించింది.

సూది ఎందుకు పట్టేరు

యూరపులో చాలా చోట్ల శతాబ్దాల తరబడి యూదులకి పొలం కొనే హక్కు లేదు. వృత్తి సంఘాల్లో చేరనిచ్చేవారు కారు. పాత బట్టల బేరం, కుట్టుపని లాంటివే వాళ్ళకి మిగిలేయి. భూమి లేనివాడికి చేతి పనే భూమి. ఇది మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దం చివర్లో రష్యా వైపు నుంచి లక్షలమంది యూదులు న్యూయార్క్, లండన్ చేరినప్పుడు కూడా ఎక్కువమంది కుట్టుపని మీదే బతికేరు.

ఆ తర్వాత హిట్లర్ కాలం వచ్చింది. 60 లక్షలమంది యూదుల్ని చంపేరు. ఒక్క హంగరీ దేశం సంగతి చూడండి. 1944 మార్చిలో జర్మన్ సైన్యం అక్కడ దిగింది. మే నడుమ నుంచి జులై మొదటి దాకా, ఎనిమిది వారాల్లో, నాలుగు లక్షల పైచిలుకు మందిని రైళ్ళకెక్కించి పంపేరు. అందులో ఎక్కువమంది ఆష్విట్జ్ చేరేరు, తిరిగి రాలేదు. యుద్ధం ముగిసేక బతికి బయటపడ్డవారిలో సుమారు రెండున్నర లక్షలమంది జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ శిబిరాల్లో తలదాచుకున్నారు. చాలామందికి తిరిగి వెళ్ళడానికి ఊళ్ళో ఇల్లు లేదు, ఇంట్లో మనిషి లేడు. 1948 మేలో ఇజ్రాయెల్ ఏర్పడింది. అదే ఏడు అమెరికా కూడా నిరాశ్రయుల కోసం చట్టం చేసింది. అలా తలో దారి పట్టేరు.

ఒక మాట దాచగూడదు. ఇజ్రాయెల్ ఏర్పడ్డప్పుడు జరిగిన యుద్ధంలో సుమారు ఏడు లక్షలమంది అరబ్బులు ఇళ్ళు వాకిళ్ళు పోగొట్టుకున్నారు. ఒకరికి నీడ దొరికిన చోటే మరొకరికి నీడ పోయింది. చరిత్ర రాసేటప్పుడు రెండూ రాయాలి.

వాన లేని ఊళ్ళో వానకోట్లు

లియా గాట్లీబ్ అనే ఆవిడ 1918లో హంగరీలో పుట్టింది. రసాయన శాస్త్రం చదవాలనుకుంది. యుద్ధంలో భర్త ఆర్మిన్‌ని కూలి శిబిరానికి పట్టుకుపోయేరు. ఆవిడ ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఒక చోటి నుంచి మరో చోటికి మారుతూ దాక్కుంది. ఒకసారి సైనికుల ముందు నుంచే నడవాల్సి వస్తే, పూలగుత్తి ముఖానికి అడ్డం పెట్టుకుని దాటిందట. నలుగురూ బతికి బయటపడ్డారు.

యుద్ధం తర్వాత భార్యాభర్తలు చెకోస్లొవేకియాలో వానకోట్ల ఫ్యాక్టరీ నడిపేరు. 1949లో ఇజ్రాయెల్ చేరేరు. చేతిలో డబ్బు లేదు, ఉండటానికి ఇల్లు లేదు. ఆ రోజుల్లో ఆ దేశంలో తిండికి రేషను, మరుసటి ఏడు నుంచి బట్టలకి కూడా రేషనే. అయినవాళ్ళ దగ్గర అప్పు చేసి, తెలిసిన పని గనక మళ్ళీ వానకోట్ల ఫ్యాక్టరీయే పెట్టేరు.

అక్కడే దెబ్బ తిన్నారు. ఆ దేశంలో వాన చలికాలంలోనే. మిగతా నెలలన్నీ ఎండే ఎండ. కోట్లు బాగానే కుట్టేరు, కుట్టులో లోపం లేదు. కొనేవాడికే వాటితో పని లేదు.

ఈ చోట మేము ఆ పిల్లని ఆగమన్నాం. మా బీరువా కళ్ళకి కట్టింది. మా జోళ్ళలోనూ నేతలో లోపం లేదు.

గాట్లీబ్ దంపతులు పని మానలేదు, సరుకు మార్చేరు. ఎండ ఉంది, పక్కనే సముద్రం ఉంది, జనం ఒడ్డుకి వెళ్తున్నారు. మరి ఈత దుస్తులు ఎందుకు కుట్టగూడదు అనుకున్నారు. ఆవిడ పెళ్ళి ఉంగరం అమ్మి గుడ్డ కొంది. కుట్టు మిషన్ ఎరువు తెచ్చుకుంది. జాఫా ఊళ్ళో తాము ఉంటున్న ఇంట్లోనే కుట్టడం మొదలెట్టింది. 1956లో గాటెక్స్ కంపెనీ పుట్టింది. గాట్లీబ్‌లో సగం, టెక్స్‌టైల్‌లో సగం కలిపి పెట్టిన పేరు అది. పోనుపోను ఆ సరుకు 80 దేశాలకి వెళ్ళింది. తన ప్రాణం కాపాడిన పూలని ఆవిడ మరవలేదు, ఏటా వేసే నమూనాల్లో పూలు వస్తూనే ఉన్నాయి. 1997లో కంపెనీ వేరేవాళ్ళ చేతికి పోయింది. అయినా ఎనభై అయిదో ఏట తన పేరు మీద మళ్ళీ కొత్తగా మొదలెట్టింది. 2012లో కాలం చేసింది.

చీపురు పట్టి నేర్చిన పని

రెండో ఆవిడ జూడిత్ లీబర్, 1921లో బుడాపెస్ట్‌లో పుట్టింది. చిత్రమేమంటే ఈవిడా రసాయన శాస్త్రం చదవడానికే లండన్ వెళ్ళింది. యుద్ధం వచ్చి చదువు ఆగిపోతే, ఇంటి దగ్గరే ఒక చేతిసంచుల కార్ఖానాలో పనికి చేరింది. ముందు నేల ఊడవడం, జిగురు కాయడం. తర్వాత తోలు కొయ్యడం, కుట్టడం, చట్రం బిగించడం. అక్కడి సంచుల పనివారి వృత్తి సంఘంలో చేరిన మొదటి స్త్రీ ఈవిడే అంటారు. యుద్ధంలో ప్రాణం చిక్కబట్టుకుని బయటపడి, గెర్సన్ అనే అమెరికా సైనికుణ్ణి 1946లో పెళ్ళాడి, మరుసటి ఏడు న్యూయార్క్ చేరింది.

అక్కడి కార్ఖానాల్లో ఒకడు తోలు కోస్తాడు, ఒకడు కుడతాడు, ఒకడు చట్రం వేస్తాడు. సంచి మొదలు నుంచి చివరి దాకా ఒక్కచేతి మీద చేయగలిగింది ఈవిడ. ఆసు పోయడం నుంచి బట్ట మడత పెట్టేదాకా వచ్చిన నేతగాడి లాగన్నమాట. 1953లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ భార్య, పదవీ స్వీకారపు వేడుకకి పట్టుకున్న సంచి ఈవిడ చేసిందే. అయితే అప్పుడు వేరే కంపెనీలో జీతానికి చేసింది. సొంత వ్యాపారం 1963లో భర్తతో కలిసి పెట్టింది. కొన్నాళ్ళకి ఇటలీలో చేయించిన లోహపు పెట్టెలు మచ్చలు పడి వచ్చేయి. పారెయ్యకుండా ఆ మచ్చల మీద మెరిసే రాళ్ళు అతికించింది. చివరికి ఆ రాళ్ళ సంచులే ఆవిడ పేరు నిలబెట్టేయి. భార్యాభర్తలిద్దరూ 2018 ఏప్రిల్ 28న ఒకే రోజు కన్నుమూశారు.

పనివారికీ బజారుకీ మధ్య

మూడో కథలో ఒక సంస్థ ఉంది. 1949, 50లలో యెమెన్ దేశం నుంచి సుమారు 49 వేలమంది యూదుల్ని విమానాల్లో ఇజ్రాయెల్ తెచ్చేరు. ఆడవాళ్ళ చేతుల్లో గొప్ప కుట్టుపని ఉంది. కొత్త ఊళ్ళో దాన్ని అడిగేవారు లేరు. అలాంటివారి పని చూసి రూత్ డయాన్ అనే ఆవిడ ప్రభుత్వం తరఫున 1954లో మస్కిట్ అనే సంస్థ పెట్టింది. హంగరీ నుంచి అంతకుముందే వచ్చిన ఫినీ లైటర్స్‌డార్ఫ్ దాని డిజైనరు. పాత కుట్టు మార్చమనలేదు. ఆ కుట్టునే ఇప్పటివాళ్ళు తొడుక్కునే కోటు మీద, గౌను మీద వేయించేరు. 1994లో ఆ సంస్థ మూతపడింది, ఇరవై ఏళ్ళకి అదే పేరుతో మళ్ళీ లేచింది. సంఘాలు నడిపేవాళ్ళం గనక ఈ సంగతీ గుర్తుంచుకోవాలి. ఒకసారి మార్చి ఊరుకుంటే చాలదు.

మన మాట

మూడు కథల్లోనూ మాకు కనపడింది ఒకటే. చేతి పని మనిషి వెంట సరిహద్దు దాటుతుంది. సరుకు దాటదు. సరుకుని కొత్త ఊరు చూసి మళ్ళీ పుట్టించాలి.

మన వాళ్ళు ఇది చెయ్యలేదని కాదు. తెలంగాణ నుంచి షోలాపురం వెళ్ళిన పద్మశాలీలు అక్కడి చద్దరుకి, తువ్వాలుకి దేశమంతా పేరు తెచ్చేరు. వాళ్ళ పడే బాధ లాంటిది మన పెద్దలు పడలేదు, ఆ పోలిక మేము తేము. కానీ ఊరు విడిచిన వాడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే.

ఈ కథలన్నీ విన్నాక మా సంఘం సమావేశం పెట్టేం. జోళ్ళ కుంభం అంచుని దుప్పట్టాల మీదకి తెద్దామని మా పిల్ల చెప్పింది. పెద్దలు కోప్పడ్డారు. "అంచు మన ఇంటిపేరు లాంటిది, ఎక్కడ పడితే అక్కడ వేస్తారా?" అన్నారు. వాళ్ళ మాట తీసిపారేసేది కాదు. చివరికి అంచు కొలత, వరస ఏమీ మార్చగూడదు, బట్ట మాత్రం మారవచ్చు అని తీర్మానం రాసుకున్నాం. రెండు మగ్గాలు దానికి ఇచ్చేం. మిగిలినవి జోళ్ళే నేస్తున్నాయి.

అమ్ముడుపోతాయో లేదో వచ్చే సంచికలో రాస్తాం. మగ్గం దిగిపోతానన్న మా మేనల్లుడు మాత్రం ఈ దసరా దాకా ఉంటానన్నాడు. ఆ రెండు మగ్గాల్లో ఒకటి వాడిదే.