చిత్రకారుని ఇల్లు, ఆ యింటి యెదుటి నేల

జహీరాబాదు నుండి బీదరు వైపు సాగు బాటకు ఇరువైపుల ఎర్రమొరం మిట్టలును నల్లరేగడి చేలును ఒకదాని వెంట నొకటి దొరలుచుండ, ఆ బాట కొస దాపున, బీదరు పట్టణమునకు తూర్పుననున్న అష్టూరు గ్రామమున, బహమనీ సుల్తానుల సమాధులు వరుసదీరి నిలిచియున్నవి. అందు 1436లో మరణించిన అహమ్మద్ షా వలీ సమాధి లోపలి గోడలును గుమ్మటమును ఇంగిలీకము, స్వర్ణము, నీలము మొదలగు వర్ణములతో నిండియుండును. లోపల చీకటి మిక్కుటమగుటచే, అచటి కాపరి వాకిటి యెండలో నిలిచి, అద్దపు పలకతో సూర్యరశ్మిని లోనికి మళ్లించి, ఒక్కొక్క తావుపై ఆ వెలుగును త్రిప్పి చూపుట కలదు. ఆ వెలుగు సోకినంత మేర లతలును అక్షరములును బయటపడి, అది కదలినంతనే మరల చీకటిలో అణగిపోవును. ఆ పని చేసినవాడు కజ్వీను నుండి వచ్చిన షుక్రుల్లా యను చిత్రకారుడని అచటి లేఖనమే చెప్పుచున్నది.

పేరు నిలిచినది, అంతే నిలిచినది. ఆ షుక్రుల్లా ఏ యింట కాపురముండెనో, ఏ అరుగుపై రంగులు నూరెనో, పని చాలించి వెలుపలికి వచ్చిన సాయంకాలములందు ఏ మిట్టపై నిలిచి ఈ పీఠభూమి వంక చూచెనో చెప్పగల రాయి యొక్కటియు మిగులలేదు. ప్రభువు గోరీని కాపాడితిమి, దానిపై నున్న చిత్రమును కాపాడితిమి, చిత్రించిన చేయి మసలిన తావును మాత్రము కాపాడలేదు. మన దేశమున కళారక్షణ చరిత్ర యంతయు ఇంచుమించు ఈ తీరుననే నడచినది.

హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ 1914లో ఏర్పడినది. దాని బాధ్యతను వహించిన గులాం యజ్దానీ గారు బీదరు కట్టడములను గూర్చి 1947లో ప్రకటించిన బృహద్గ్రంథము నేటికిని మాకు దారి చూపునదే. అజంతా గుహలు ఆనాడు నిజాము రాజ్యములోనివి. అచటి కుడ్యచిత్రములు పెచ్చులూడి రాలిపోవుచుండగా, ఇటలీ దేశము నుండి చెక్కోనీ, ఒర్సీనీ యను నిపుణులను రప్పించి 1920–22 నడుమ వానిని గోడకు అంటించి నిలుపజేసిరి. ఆ పని లేకున్న అనేక చిత్రములు మనకు దక్కెడివి కావు. ఐనను, రక్షణార్థము వారు పూసిన లక్క వార్నిషు కాలక్రమమున పసుపువారి, మూలవర్ణములనే కప్పివేసినది. తరువాతి తరముల వారు దానిని తొలగించుటకు ఎన్నో యేండ్లు పాటుపడవలసివచ్చెను. రక్షించువాని చేతినుండి గూడ కళాకృతికి హాని కలుగవచ్చునని ఆ గోడలు నేర్పిన పాఠమును మనము మరువరాదు.

చిత్రకారుని పేర, అతని ఊరిలోనే, అతని చిత్రములకు ఒక గృహము నిలిచిన సందర్భము తెలుగుదేశమున కలదు. అది గోదావరీ తీరమున రాజమహేంద్రవరమున కలదు. దామెర్ల రామారావు అచట 1897లో జన్మించెను. ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగానుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు స్వయముగా చిత్రకారుడు, రసజ్ఞుడు. విద్యార్థులను తరగతి గదిలోనికన్న గోదావరి గట్టుపైకిని కొండల నడుమకును తోడ్కొనిపోయి, నీటిపై వెలుగు ఎట్లు మారునో, దూరపు కొండ ఎందులకు నీలముగా కానవచ్చునో చూపుటయందే ఆయనకు ఎక్కువ మక్కువ. ఆయన చేరదీసిన వారిలో రామారావుతో పాటు అడివి బాపిరాజు గారును ఒకరు. ఆ బాపిరాజు గారే తరువాత హైదరాబాదు వచ్చి ‘మీజాన్’ తెలుగు దినపత్రికకు సంపాదకులైరి గనుక, ఆ గోదావరి గట్టున వెలసిన చూపు మన తెలంగాణమునకును కొంత ప్రసరించినదని చెప్పుటకు నేను సంకోచింపను.

కూల్డ్రే ప్రోద్బలముతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పోయి, 1920లో చదువు ముగించి, దేశసంచారము చేసి, కలకత్తాలో వంగదేశపు చిత్రకారుల మార్గమును కనులార చూచియు, దానిని అనుకరింపక, తన ఊరికి తిరిగివచ్చెను. ఈ తిరిగివచ్చుటయే నాకు ఆతని జీవితమున మిన్నగా తోచును. బొంబాయిలోనో కలకత్తాలోనో నిలిచియున్నచో కీర్తియు ధనమును సులువుగా లభించెడివి. ఆతడు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, భార్య సత్యవాణికిని చెల్లెలు బుచ్చికృష్ణమ్మకును కుంచె పట్టుట నేర్పి, వరదా వెంకటరత్నము మొదలగు మిత్రులను చేరదీసి, ఇంటినే కళాశాలగా మార్చెను. ‘ఋష్యశృంగ బంధనము’, ‘సిద్ధార్థ రాగోదయము’, ‘పుష్పాలంకరణ’ వంటి కథాచిత్రములే ఆతని పేరును దేశమంతట వినిపించినవి; కాని గోదావరీ తీరములను, తూర్పు కనుమలను చూచి నీటిరంగులలో దింపిన ప్రకృతి చిత్రములను చూచినవారికి, కథాచిత్రములలోని ఆ మెత్తని వెలుగు ఎచటినుండి వచ్చినదో ఇట్టే తెలియును.

1925 ఫిబ్రవరిలో మశూచికము ఆతనిని పొట్టనబెట్టుకొనెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు. అట్టి మరణముల తరువాత సాధారణముగా జరుగునది మనమెరుగనిది కాదు: చిత్రములు చుట్టములు తలకొకటిగా పంచుకొందురు, చిత్తుపుస్తకములు అటక మీదికెక్కును, రంగుపెట్టెలు పిల్లల ఆటలకు చేరును, నాలుగు వానకాలములు గడచునప్పటికి చెదలు మిగిలిన పని ముగించును. రాజమహేంద్రవరమున అట్లు జరుగలేదు. సత్యవాణమ్మయు మిత్రులును చిత్రములను చెదరనీయక ఒక్కచోట నిలిపిరి. వరదా వెంకటరత్నము గారు కళాశాలను నడిపి శిష్యపరంపరను నిలువబెట్టిరి. కాలాంతరమున ఆ చిత్రసంపద ప్రభుత్వ రక్షణలోనికి వచ్చి, దామెర్ల రామారావు స్మారక చిత్రశాలగా నేటికిని నిలిచియున్నది. మొదట ఏ ప్రభుత్వశాసనమును లేదు, ఏ నిధియు లేదు. ఒక స్త్రీ తన భర్త పనిని అమ్ముకొనక దాచుకొనుట, ఒక స్నేహితుడు తన స్నేహితుని పనిని తన పనికన్న ముందు పెట్టుకొనుట అనునవే ఆ సంస్థకు పునాదులు. తెలుగువారి కళాచరిత్ర వ్రాయువారు వీరిద్దరిని పాదసూచికలలో ఇరికింపక గ్రంథమధ్యమున నిలుపవలసియున్నది.

ఐనను చిత్రములను కాపాడుట వేరు, చిత్రకారుడు చూచిన చూపును కాపాడుట వేరు. కథాచిత్రకారుని పనిని గోడకు తగిలించి తలుపు వేసికొనవచ్చును. ప్రకృతి చిత్రకారుని పనిలో సగము తలుపు వెలుపలనే యుండును. నీటిరంగు చిత్రము ముందు నిలిచి, కిటికీలోనుండి అదే నదిని, అదే గట్టును చూచి, వర్ణమును వర్ణముతో పోల్చుకొనగలిగిననాడే, ఆతడు దేనిని గ్రహించెనో, దేనిని విడిచెనో మనకు బోధపడును. వెలుపలి దృశ్యము మాయమైనచో లోపలి చిత్రము సాక్షిలేని సాక్ష్యమగును.

అమెరికాలోని హడ్సన్ నదీతీరమున ఈ సత్యము మిక్కిలి స్పష్టముగా రుజువైనది. ఆ దేశపు ప్రకృతి చిత్రకళకు ఆద్యుడని చెప్పదగిన థామస్ కోల్ (1801–1848) నదికి పడమటి గట్టున కాట్‌స్కిల్ గ్రామమున నివసించెను. ఆతని శిష్యుడు ఫ్రెడరిక్ చర్చి (1826–1900) తూర్పు గట్టున కొండపై ‘ఒలానా’ యను భవనమును కట్టుకొనెను. గురుశిష్యుల ఇండ్లు నదికి ఆవలనొకటి ఈవలనొకటిగా నేటికిని నిలిచియున్నవి. కోల్ తానే రూపకల్పన చేసి 1846లో కట్టుకొన్న చిత్రశాలను, ఆతని ప్రఖ్యాతి మరుగున పడిన కాలమున, 1973లో పడగొట్టిరి. తరువాత పశ్చాత్తప్తులై 2016లో పాత పునాదులపైననే మరల కట్టిరి. కట్టినది చక్కగానే యున్నది, కాని కోల్ పాదములు త్రొక్కిన పలక అందులో నొక్కటియు లేదు. ఒలానా కథ వేరు. వారసులు అమ్మకమునకు పెట్టనున్న తరుణమున ఒక కళాచరిత్రకారుడు ఊరూర తిరిగి చందాలు పోగుచేయగా, 1966లో న్యూయార్కు రాష్ట్రము దానిని సుమారు 250 ఎకరముల తోటతో సహా కొనెను. పదేండ్లు దాటిన పిదప, ఆ కొండపైనుండి కానవచ్చు నదీతీరమున అణువిద్యుత్కేంద్రమును కట్టవలెనని ప్రభుత్వసంస్థయే తలపెట్టగా, దాని చల్లార్పు గోపురమును నీటియావిరియు చర్చి చూచిన దృశ్యమును చెరచునను కారణమునే ముఖ్యముగా పేర్కొని, 1979లో అణునియంత్రణ సంఘపు నిపుణులు అనుమతి కూడదని సిఫారసు చేసిరి. ఒక చిత్రకారుడు కిటికీలోనుండి చూచిన నేలకు ప్రభుత్వ పరిశీలనమున తూకము లభించుట లోకమున అరుదైన సంగతి.

మన దేశమున దీనికి దగ్గరి దృష్టాంతము హిమాలయములలోని నగ్గరు. రష్యా నుండి వచ్చిన నికొలాయ్ రోరిక్ అచట 1928లో స్థిరపడి, 1947లో మరణించువరకు మంచుకొండలను చిత్రించెను. ఆతని యింటిని, ఆ యింటి ముందరి కులూ లోయను నేటికిని యాత్రికులు ఒక్కటిగానే దర్శింతురు. ఆ యింట కొంతకాలము గడపిన మన సంజీవదేవ్ గారు (1914–1999) గుంటూరు సీమలోని తుమ్మపూడికి తిరిగివచ్చి, ‘రసరేఖ’ యను తమ యింట కూర్చుండి, పచ్చని వరిచేల నడుమ హిమాలయ వర్ణములను ధ్యానించుచు చిత్రములును వ్యాసములును రచించిరి. తెలంగాణమున పాకాల తిరుమలరెడ్డి గారు (1915–1996) నారాయణగూడలోని తమ గృహముననే చిత్రశాలను ఏర్పరచుకొనిరి. ఆయన సహధర్మచారిణి యశోదారెడ్డి గారు తెలంగాణపు పలుకుబడిని కథలలో నిలిపిన విదుషీమణి. మా పాత మెదకు జిల్లాలోనే, సిద్దిపేటలో, కాపు రాజయ్య గారు (1925–2012) పల్లె బ్రదుకును చిత్రించుటకే జీవితమును ధారవోసి, పట్నము పిలిచినను ఊరు విడువలేదు. వీరి ఇండ్లను గూర్చి, వాని యెదుటి వీథులను గూర్చి, ఇంకను కంటియెదుట చూచినవారు జీవించియుండగానే వివరములు వ్రాసిపెట్టవలెను. నూరేండ్లు గడచిన పిదప పునాదులు త్రవ్వి వెదకుటకన్న ఇది సులువైన పని.

జహీరాబాదు సీమకు వచ్చినచో, ఇచట పరిస్థితి తలక్రిందులైనది. చెప్పుకొనదగిన చిత్రకారుని గృహము మా ప్రాంతమున లేదు. చిత్రింపదగిన నేల మాత్రము కాపాడబడియున్నది. దానిని కాపాడినది ఏ కళాశాఖయు కాదు, పస్తాపురము కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరిన పేద రైతుస్త్రీలు. వానకాలపు చెలకలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, అనుములు, పుంటికూర కలగలిపి విత్తుట వారి యాచారము. చలికాలమున నీరు పెట్టకయే మంచు తేమకు పండు పంటలను వారు ‘సత్యం పంటలు’ అందురు. ఏటేట సంక్రాంతి నాడు మొదలై ఎడ్లబండ్లపై విత్తనములను అలంకరించి ఊరూర త్రిప్పు పాత పంటల జాతర కాలమున ఏ చేని గట్టుపైనైనను నిలిచి చూడుడు: కుసుమపూల కాషాయము, అవిసెపూల లేత నీలము, ఎండుచున్న కందికంపల గోధుమ వన్నె, పచ్చజొన్న కంకుల పసిమి, వీని క్రింద రేగడి నలుపు, వీని వెనుక మొరం మిట్ట యెరుపు. ఒకే పంటను చుట్టుపట్ల వేసినచోట ఈ వర్ణసమ్మేళనము కానరాదు. గింజను కాచిన ఆ చేతులే ఈ దృశ్యమును గూడ కాచినవి.

న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో సుమారు 12,600 ఎకరముల మేర పారిశ్రామిక మండలమును ప్రభుత్వము తలపెట్టియున్నది. జీవనోపాధి ప్రశ్నను కేవల సౌందర్యముతో కొట్టివేయుట నా యుద్దేశము కాదు. మా యువకులకు పని కావలెను. కాని ఆ లెక్కలు వేయునపుడు నేల విలువ, నీటి విలువలతో పాటు చూపు విలువను గూడ ఒక వరుసలో వ్రాయవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. హడ్సన్ తీరమున వ్రాసిరి; మంజీరా తీరమున ఏల వ్రాయరాదు?

అంతవరకు చేయదగినది కొంత కలదు. ఈ సీమలోని డ్రాయింగు మాస్టర్లు ఏటా జాతర దినములలో, గుర్తుపెట్టుకొన్న ఒకే గట్టుపైనుండి, ఒకే కొలత కాగితముపై ఆ చేలను నీటిరంగులలో దింపి, వెనుక తేదీని, చేను పేరును, పంటల పేర్లను వ్రాసియుంచవచ్చును. వానిని దాచుటకు జహీరాబాదులో ఒక్క గది చాలును. చిత్రశాలకు ఉత్తరపు కిటికీ యుండవలెనని ఐరోపా గ్రంథములు చెప్పును, ఏలయన అచట ఉత్తరము నుండి ఎండ నేరుగా రాదు. మన జహీరాబాదు పదునెనిమిదవ అక్షాంశమునకు దిగువనే యుండుటచే, మే నడిమి నుండి జూలై కడవరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరమునకే ఒరగియుండును. కావున ఉత్తరపు కిటికీకి గూడ ఇచట వెడల్పైన చూరు ఉండితీరవలెను. నీటిరంగు చిత్రములపై వెలుగు 50 లక్సులకు మించరాదు. కాగితము గోడకు తగులరాదు, నడుమ గాలి ఆడవలెను. వానకాలమున తేమను, వేసవిలో దుమ్మును కనిపెట్టి చూచుటకు జీతమిచ్చి ఒక మనిషిని నియమింపవలెను.