అక్కడ కుర్చీ, ఇక్కడ ఓటు: కొడకండ్ల నుంచి చూసిన ప్రవాస నాయకత్వం

జనగామ జిల్లా కొడకండ్ల నేతగాళ్ల ఊరు. మగ్గం కూడు పెట్టని రోజుల్లో ఇక్కడి పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండీ, సూరత్ మరమగ్గాల బాట పట్టాయి. ఈ ప్రాంతంలో వలస అంటే ముందు గుర్తొచ్చేది ఆ రైలు ప్రయాణమే. సాంకేతిక రంగంలో ఎదిగిన తెలుగువాళ్ల గురించి రాసేటప్పుడు సిలికాన్ వ్యాలీ నుంచి మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈ ఊరి నుంచి చూస్తే ప్రశ్న మరోలా ఉంటుంది: పోయిన చోటు మనదెప్పుడవుతుంది, వదిలిన చోటు మనది కాకుండా ఎప్పుడు పోతుంది?

హైదరాబాదులో పుట్టిన శంతను నారాయణ్ 2007లో అడోబీకి, పశ్చిమ గోదావరిలో పుట్టిన అరవింద్ కృష్ణ 2020లో ఐబీఎంకు అధిపతులయ్యారు. సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్నారు. ఈ వరసను మన పత్రికలు గర్వంగా చెప్పుకున్నాయి. ఆ గర్వం సహజమే. కానీ నాదెళ్ల జీవితంలో నాకు ముఖ్యంగా తోచేది 2014 కాదు, 1994. అప్పటికే ఆయన చేతిలో అమెరికా శాశ్వత నివాస హోదా ఇచ్చే గ్రీన్‌కార్డు ఉంది. ఆ కార్డు ఉన్నందువల్లే భార్య అనుపమకు అమెరికా వీసా రాలేదు. అప్పట్లో శాశ్వత నివాసుల జీవిత భాగస్వాములు ఏళ్ల తరబడి వేచి ఉండాల్సి వచ్చేది. తాత్కాలికమైన హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసేవారు మాత్రం భార్యను వెంటనే తీసుకుపోవచ్చు. ఆయన ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో గ్రీన్‌కార్డు తిరిగి ఇచ్చేసి హెచ్‌1బీ అడిగారు. 2017లో వచ్చిన తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో ఈ సంగతి రాసుకున్నారు. ఆలుమగలు ఒక కప్పు కింద ఉండడానికి భద్రమైన హోదాను వదులుకోవలసి రావడం, ‘ఇక్కడివాడిని’ అనుకోవడానికి ఏమేం కావాలో చెబుతోంది. అందులో ప్రతిభ ఒక పాలు మాత్రమే.

రెండో పాలు అక్కడి తెలుగు సంఘాలు సమకూర్చాయి. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన తెలుగు బడి ‘మనబడి’ అలాంటిదే. వారమంతా ఇంగ్లీషులో గడిపే పిల్లలకు అక్కడ అక్షరాలు దిద్దించింది ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చిన తల్లిదండ్రులే. ఏ కంపెనీ పదవీ ఇవ్వలేనిది ఈ సొంత భాషా బంధం.

ఇక సొంతూరు వైపు. కొడకండ్ల పాలకుర్తి నియోజకవర్గంలో ఉంది. 2023 శాసనసభ ఎన్నికల్లో అమెరికాలో స్థిరపడిన హనుమాండ్ల ఝాన్సీరెడ్డి ఇక్కడ పోటీకి సిద్ధపడ్డారు. పౌరసత్వ చిక్కు అడ్డొచ్చింది. ఆమె బదులు కోడలు యశస్వినీరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి, అప్పటి మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావును ఓడించారు. ఇది సాంకేతిక రంగపు కథ కాకపోయినా, ఆ రంగంలోని వేలాది కుటుంబాల చిక్కు ఇదే. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికా పౌరులైనవారికి మిగిలే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో వీసా లేకుండా రావచ్చు, పట్నంలో ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు ఉండదు, పోటీ చేసే హక్కు ఉండదు, సాగుభూమి కొనే వీలు ఉండదు. వారసత్వంగా వచ్చిన పొలాన్ని మాత్రం ఉంచుకోవచ్చు.

సూరత్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపిన కొడకండ్ల నేతగాడు చేతిలో డబ్బుంటే రేపు తిరిగొచ్చి ఊళ్లో ఎకరం కొనవచ్చు, సర్పంచి పదవికి నిలబడవచ్చు. అమెరికా పౌరుడైన సీఈఓకు ఆ రెండూ కుదరవు.