నిరసనలో పోలీసులు ఎత్తుకెళ్తే..? పోస్టు పెడితే అరెస్ట్ చేస్తారా? పలాస ఘటనలు, చట్టం చెప్పే రూల్స్ ఇవే

* ముందస్తు అరెస్ట్ 24 గంటలు దాటకూడదు
* ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్ట్ కంటే ముందు నోటీసు
* సోషల్ మీడియా కేసుల రిమాండ్‌పై మేజిస్ట్రేట్లకు హైకోర్టు సర్క్యులర్

పలాస: రోడ్డు మీద ధర్నా. నిరసనకారులను పోలీసులు వ్యాన్ ఎక్కిస్తున్న వీడియో. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులన్నింటిలో అదే. ఒకరు పోలీసుల దౌర్జన్యం అంటారు. రోడ్డు ఆపితే చూస్తూ ఊరుకుంటారా అని ఇంకొకరు అడుగుతారు. సాయంత్రానికి పార్టీల పోస్టులు మొదలవుతాయి. ఈ గొడవలో రెండు ప్రశ్నలు పక్కకు పోతుంటాయి. ఆ అరెస్ట్ చట్టప్రకారం జరిగిందా? వీడియోలో కనిపించిన మనిషి మీద పెట్టిన కేసు ఆ తర్వాత ఏమైంది?

పలాస, టెక్కలి, ఉద్దానం తీరానికి ఈ ప్రశ్నలు కొత్త కాదు. ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో ఎయిర్‌పోర్టు ప్రతిపాదనను జీడి, కొబ్బరి రైతులు వ్యతిరేకిస్తున్నారు. భూములు పోతాయన్నది వాళ్ల భయం. అందుకే గతంలో ఇక్కడ ఏం జరిగింది, చట్టం ఏం చెప్తోంది అన్నది ఒకసారి చూద్దాం.

2020: రెండు వీడియోలు, వెంటనే సస్పెన్షన్లు

కరోనా సమయంలో పలాస పేరు రెండుసార్లు దేశమంతా వినిపించింది. 2020 జూన్‌లో కరోనా అనుమానంతో ఓ వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీలో తరలించిన వీడియో వైరల్ అయింది. మున్సిపల్ కమిషనర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్ సస్పెండ్ అయ్యారు.

అదే ఏడాది ఆగస్టు తొలి వారంలో మరో వీడియో బయటికొచ్చింది. టెక్కలిపట్నానికి చెందిన ఓ దళిత యువకుడిని కాశీబుగ్గ సీఐ స్టేషన్ ముందే బూటు కాలితో తన్నిన దృశ్యాలవి. సీఐపై సస్పెన్షన్ వేటు పడింది.

వీడియో లేకపోతే అంత త్వరగా చర్యలు ఉండేవా అన్న ప్రశ్న అప్పుడు చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం కావాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

సోంపేట, కాకరాపల్లి: ఫోన్ల కంటే ముందు

2010 జూలై 14. సోంపేట దగ్గర బీల భూముల్లో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంట్‌ను రైతులు, మత్స్యకారులు అడ్డుకున్నారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు గ్రామస్తులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ప్లాంట్ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అంటే ఊరి జనం చెప్తున్న మాటే చివరికి తీర్పులోనూ వచ్చింది. కానీ అప్పటికే రెండు ప్రాణాలు పోయాయి.

ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి వైపు సంతబొమ్మాళి మండలం వడ్డితాండ్రలో మళ్లీ కాల్పులు జరిగాయి. ఈసారి ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ కాకరాపల్లి థర్మల్ ప్లాంట్ వివాదం. అక్కడా ఇద్దరు చనిపోయారు.

ఈ రెండు చోట్లా గ్రామస్తుల మీద పెద్ద సంఖ్యలో కేసులు నమోదయ్యాయి. టీవీల్లో చర్చ కొన్ని రోజులకే ఆగిపోయింది. కూలి మానుకుని వాయిదాలకు తిరగడం మాత్రం వాళ్లకు ఏళ్ల తరబడి తప్పలేదు.

1940: అరెస్టులను అడ్డుకున్న గున్నమ్మ

ఈ నేల మీద అరెస్టులపై గొడవ స్వాతంత్ర్యానికి ముందు నుంచే ఉంది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలోనే జరిగాయి. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీ అడవి నుంచి కలప తెచ్చుకున్న రైతులను పోలీసులు అరెస్ట్ చేస్తే, గుడారి రాజమణిపురం జనం అడ్డం తిరిగారు. మా వాళ్లను వదలండి అంటూ ముందు నిలబడింది సాసుమాను గున్నమ్మ. కాల్పుల్లో ఆమెతో పాటు మరో నలుగురు చనిపోయారు. జనం ఆమెను వీర గున్నమ్మగా ఇప్పటికీ తలుచుకుంటారు.

నిరసన హక్కే.. కానీ హద్దులున్నాయి

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడటం రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన హక్కు. శాంతిభద్రతల కోసం దానిపై సమంజసమైన ఆంక్షలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. పాత 144 సెక్షన్ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 163 అయింది. పోలీసు చట్టంలోని సెక్షన్ 30 కూడా తరచూ వాడతారు.

ఆంక్షలు ఎంతవరకు పెట్టొచ్చు అన్నదానికి దగ్గరి ఉదాహరణ జీవో నంబర్ 1. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరి 2న అప్పటి వైసీపీ ప్రభుత్వం రోడ్లపై సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ దీన్ని తెచ్చింది. అదే ఏడాది మే 12న ఏపీ హైకోర్టు కొట్టేసింది.

ముందస్తు అరెస్ట్ అంటే?

నేరం జరగకముందే, జరుగుతుందన్న సమాచారంతో చేసే అరెస్ట్ ఇది. పాత చట్టంలో 151, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 170. నేరాన్ని ఆపడానికి వేరే దారి లేదని పోలీసు అధికారి భావించినప్పుడే వాడాలి. వేరే కేసు గానీ, వేరే చట్టం గానీ వర్తిస్తే తప్ప 24 గంటలకు మించి ఉంచకూడదు. మనం రోజూ వినే 'హౌస్ అరెస్ట్' అనే మాట ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

2022 ఆగస్టు 21న పలాస బయల్దేరిన టీడీపీ నేత నారా లోకేశ్‌ను పోలీసులు శ్రీకాకుళం దగ్గరే ఆపి అదుపులోకి తీసుకున్నారు. పలాసలో వైసీపీ, టీడీపీ మధ్య ఉద్రిక్తత ఉందన్నది పోలీసుల కారణం. ప్రశ్నించే గొంతు నొక్కుతున్నారన్నది టీడీపీ వాదన. 2024లో అధికారం మారింది. ఇప్పుడు అదే వాదన వైసీపీ నుంచి వినిపిస్తోంది. పార్టీలు మారినా సెక్షన్ మాత్రం అదే.

పోస్టు పెడితే అరెస్ట్ చేస్తారా?

సోషల్ మీడియా పోస్టుపై 2022 జూన్‌లో గౌతు శిరీషను సీఐడీ విచారణకు పిలిచింది. అమ్మ ఒడి, వాహన మిత్ర పథకాలపై తప్పుడు పోస్టు షేర్ అయిందన్నది కేసు. అప్పుడు ఆమె పలాస టీడీపీ ఇన్‌ఛార్జి, ఇప్పుడు ఎమ్మెల్యే. 2024 నవంబర్‌లో వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల వరుస అరెస్టులు హైకోర్టు దాకా వెళ్లాయి.

ఆన్‌లైన్ పోస్టులకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అంటే ఏం రాసినా చెల్లుతుందని కాదు. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టినా, భయం పుట్టించే పుకార్లు పంచినా, మహిళలపై అసభ్యంగా రాసినా వేరే సెక్షన్లు ఉన్నాయి. షేర్ చేసినవాళ్లకూ కేసు తగలొచ్చు.

అయితే కేసు వేరు, అరెస్ట్ వేరు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్ట్ చేయడం కాదు, ముందు విచారణకు రమ్మని నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత 41ఏ నోటీసు ఇప్పుడు సెక్షన్ 35(3). మాటలు, రాతల మీద వచ్చే ఫిర్యాదుల్లో, మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న సెక్షన్లు పెట్టేముందు ప్రాథమిక విచారణ జరపడం మంచిదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో తేల్చింది. ఈ తీర్పులు పాటించారో లేదో చూశాకే సోషల్ మీడియా కేసుల్లో రిమాండ్ విధించాలని 2025 జూలైలో ఏపీ హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది.

అరెస్ట్ చేస్తే ఏం అడగాలి?

* కారణం: ఎందుకు అరెస్ట్ చేస్తున్నారో రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ దీన్ని వర్తింపజేసింది.
* మెమో: అరెస్ట్ మెమోపై కుటుంబసభ్యులు లేదా స్థానిక పెద్దమనిషి సాక్షి సంతకం ఉండాలి. ఇంట్లోవాళ్లకు కబురు పంపాలి.
* లాయర్: విచారణ సమయంలో లాయర్‌ను కలిసే హక్కు ఉంది. డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయొచ్చు.
* 24 గంటలు: ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. కొట్టి ఉంటే అక్కడే చెప్పాలి.
* మహిళలు: సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్ట్ చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలి.

వీడియో తీయొచ్చా?

బహిరంగ ప్రదేశంలో డ్యూటీలో ఉన్న పోలీసులను వీడియో తీయొద్దని ప్రత్యేకంగా ఏ చట్టమూ చెప్పడం లేదు. వాళ్ల పనికి అడ్డుపడితే మాత్రం కేసు అవుతుంది. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ చెప్పింది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలన్నది 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశం. స్టేషన్‌లో బలప్రయోగం జరిగిందనుకుంటే మానవ హక్కుల కమిషన్ లేదా కోర్టు ద్వారా ఆ ఫుటేజీ అడగొచ్చు. ఆలస్యం చేస్తే రికార్డు చెరిగిపోయే ప్రమాదం ఉంది.

వీడియోను కట్ చేయకుండా, తేదీ, సమయంతో అసలు ఫైల్‌ను ఫోన్‌లోనే దాచుకోవడం ముఖ్యం. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన ముక్క కోర్టులో నిలబడటం కష్టం.

వైరల్ అయ్యాక?

సస్పెన్షన్ అంటే శిక్ష కాదు. శాఖాపరమైన విచారణ ముగిసేదాకా విధుల నుంచి తప్పించడం మాత్రమే. ఆ తర్వాత అధికారి మళ్లీ డ్యూటీలో చేరొచ్చు. అదే సమయంలో నిరసనకారుడిపై నమోదైన ఎఫ్ఐఆర్ దానంతట అది పోదు. కోర్టు కొట్టేయాలి, లేదంటే ప్రభుత్వం ఉపసంహరణ కోరితే కోర్టు ఒప్పుకోవాలి.

అందుకే ఎఫ్ఐఆర్ నంబర్, సెక్షన్లు, వాయిదా తేదీ రాసి పెట్టుకోవాలి. ఉద్దానంలో గత అనుభవం చెప్తున్నది ఇదే. వీడియో షేర్ చేసిన వేలమందిలో వాయిదా రోజు కోర్టు దగ్గరికి వచ్చేవాళ్లు కొద్దిమందే. అరెస్టైన కుటుంబానికి అసలు అండ అవసరమయ్యేది ఆ రోజే.