లాప్లాస్ పరివర్తన: అవకలజ ధర్మం

ఒక ప్రమేయపు లాప్లాస్ పరివర్తన తెలిస్తే దాని అవకలజపు పరివర్తనను కూడా చెప్పే సూత్రాన్ని అవకలజ ధర్మం అంటారు. స్థిర గుణకాలున్న అవకలన సమీకరణాలను బీజగణిత సమీకరణాలుగా మార్చి సాధించే పద్ధతికి ఇదే ఆధారం. సూత్రం చాలా చిన్నది:

లా[ఫ′] = స·లా[ఫ] − ఫ(0)

ఇందులో ట కాలాన్ని, స పరివర్తన చరాన్ని సూచిస్తాయి. ఇ అంటే సహజ సంవర్గమానాల ఆధారం, సుమారు 2.71828. ఫ(ట) అనే ప్రమేయాన్ని ఇ^(−సట)తో గుణించి సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే లా[ఫ] వస్తుంది:

లా[ఫ] = ∫₀^∞ ఇ^(−సట) ఫ(ట) డట

చూడగానే కంటబడేది స తో గుణకారం. అవకలనం చేయడమనే పని ఒక గుణకారంగా దిగిపోవడం గొప్ప సౌకర్యమే. అయినా సూత్రానికి అసలు బలం రెండో పదం, అంటే −ఫ(0), వల్ల వచ్చింది. మామూలు పద్ధతిలో ముందు సాధారణ సాధన కనుక్కోవాలి, అందులోని స్థిరాంకాలను తొలి విలువలకు సరిపెట్టాలి. ఈ సూత్రం వాడితే తొలి విలువలు మొదటి వరుసలోనే లెక్కలోకి వచ్చేస్తాయి, తర్వాత వెతకాల్సిన స్థిరాంకాలేవీ మిగలవు.

నేపథ్యం

ఈ రకం సమాకలనులు లియోనార్డ్ ఆయిలర్ (1707–1783) రచనల్లోనే కనిపిస్తాయి. పియర్ సిమోన్ లాప్లాస్ (1749–1827) వీటిని సంభావ్యతా సిద్ధాంతంలో విరివిగా వాడాడు. 1812లో వెలువడిన ఆయన సంభావ్యతా గ్రంథం ఆ కృషికి నిలయం. విద్యుత్ సర్క్యూట్ల లెక్కలు మాత్రం ఆయన మనసులో లేవు, ఆ కాలానికి ఉండే వీలూ లేదు.

ఇంజనీర్లు ఈ దారి పట్టింది ఆలివర్ హెవిసైడ్ (1850–1925) వల్ల. విశ్వవిద్యాలయం మెట్లెక్కని ఈ ఆంగ్లేయుడు టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసి, కేబుళ్లలో సంకేతాలు ఎలా ప్రయాణిస్తాయో లెక్కగట్టే ప్రయత్నంలో అవకలన క్రియను ఒక అక్షరంతో సూచించి, దాన్ని మామూలు సంఖ్యలాగే గుణించాడు, భాగించాడు. జవాబులు సరిగ్గా వచ్చేవి. ఎందుకు వస్తున్నాయో నిరూపణ లేదు. ఆయన పరిశోధన పత్రం మొదటి రెండు భాగాలను అచ్చువేసిన లండన్ రాయల్ సొసైటీ మూడో భాగాన్ని తిరస్కరించింది. గణితజ్ఞుల అభ్యంతరం న్యాయమైనదే కానీ, వాళ్లు తలుపు మూసినంత మాత్రాన పద్ధతి ఆగలేదు. 1916లో గణితజ్ఞుడు బ్రామ్‌విచ్ సంకీర్ణ తలంలో సమాకలనం ద్వారా దానికి గట్టి పునాది వేశాడు. 1937లో జర్మన్ గణితజ్ఞుడు గుస్టావ్ డోయెచ్ రాసిన గ్రంథంతో లాప్లాస్ పరివర్తన ఒక స్వతంత్ర శాస్త్రంగా స్థిరపడింది.

హెవిసైడ్ లెక్కలు ఎందుకు కుదిరాయో అవకలజ ధర్మం ఒక్క చూపులో చెబుతుంది. ఆయన ఎక్కువగా తీసుకున్నవి స్విచ్ వేయకముందు కరెంటుగాని చార్జిగాని లేని సర్క్యూట్లు. ఫ(0) సున్నా అయితే సూత్రంలో స తో గుణకారం ఒక్కటే మిగులుతుంది.

నిరూపణ

మూడు షరతులు కావాలి. ఫ(ట) సున్నా నుంచి ముందుకు ఎక్కడా తెగకుండా అవిచ్ఛిన్నంగా ఉండాలి. ఫ′(ట) ఏ పరిమిత అంతరంలోనైనా ఖండశః అవిచ్ఛిన్నంగా ఉండాలి. మూడోది, ఫ పెరుగుదలకు ఒక హద్దు: ఏవో రెండు స్థిరాంకాలు మ, క లకు |ఫ(ట)| ≤ మ·ఇ^(కట) కావాలి. ఇలాంటి ప్రమేయాలను ఘాత క్రమపు ప్రమేయాలంటారు. ఇకపై స > క అనుకుందాం.

అనంతం దాకా ఒకేసారి వెళ్లకుండా ముందు ఒక పరిమిత కాలం న వరకు సమాకలనం చేస్తాం. విభాగ సమాకలన సూత్రం ప్రకారం

∫₀^న ఇ^(−సట) ఫ′(ట) డట = ఇ^(−సన) ఫ(న) − ఫ(0) + స ∫₀^న ఇ^(−సట) ఫ(ట) డట

మధ్యలో ఫ′ తెగే బిందువులుంటే అంతరాన్ని ఆ బిందువుల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఇదే సూత్రం వాడాలి. ఫ అవిచ్ఛిన్నం కాబట్టి ఒక ముక్క చివరి పదం, తర్వాతి ముక్క తొలి పదం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు కొసల పదాలే మిగులుతాయి.

ఇప్పుడు న ను అనంతానికి పంపాలి. మూడో షరతు వల్ల ఇ^(−సన) ఫ(న) పరిమాణం మ·ఇ^(−(స−క)న) ను దాటదు. స > క కనుక అది సున్నాకు చేరుతుంది. కుడివైపు చివరి సమాకలని లా[ఫ] అవుతుంది. మిగిలింది స·లా[ఫ] − ఫ(0). నిరూపణ పూర్తయింది.

ఇక్కడ ఒక విషయం చాలామంది దృష్టి దాటిపోతుంది. పెరుగుదల హద్దు ఫ కు మాత్రమే పెట్టాం, ఫ′ కు పెట్టలేదు. సైన్(ఇ^(ట²)) ఎప్పుడూ −1, 1 మధ్యనే ఉంటుంది. దాని అవకలజం 2ట·ఇ^(ట²)·కొసైన్(ఇ^(ట²)) మాత్రం ఏ ఘాత ప్రమేయానికీ లొంగకుండా ఊగిపోతుంది. అయినా దానికి లాప్లాస్ పరివర్తన ఉంది, సూత్రం అక్కడా పనిచేస్తుంది. లా[ఫ′] ఉందని ముందే అనుకోనక్కర్లేదు, అది ఉండడం కూడా నిరూపణలోనే తేలుతుంది.

అవిచ్ఛిన్నత షరతును సడలించలేం. ట విలువ 0 నుంచి 1 కి ముందు వరకు 1 గానూ, ఆ తర్వాత 0 గానూ ఉండే ప్రమేయాన్ని తీసుకోండి. 1 దగ్గర తప్ప దాని అవకలజం అంతటా సున్నా, కాబట్టి లా[ఫ′] కూడా సున్నా. సూత్రాన్ని గుడ్డిగా వాడితే, లా[ఫ] = (1 − ఇ^(−స))/స గనుక, −ఇ^(−స) వస్తుంది. తేడా ఆ గెంతు వల్లే. ఫ ఒక బిందువు చ దగ్గర గ పరిమాణంలో గెంతితే కుడివైపు నుంచి గ·ఇ^(−సచ) తీసేయాలి. ఇక్కడ గ = −1, చ = 1. సవరిస్తే సున్నాయే వస్తుంది.

ఉన్నత అవకలజాలు, సైన్ పరివర్తన

ఫ′ కూడా పై షరతులకు లోబడితే, ఫ స్థానంలో ఫ′ పెట్టి సూత్రాన్ని మళ్లీ వాడితే

లా[ఫ″] = స²·లా[ఫ] − స·ఫ(0) − ఫ′(0)

సైన్(అట) పరివర్తన కోసం సాధారణంగా రెండుసార్లు విభాగ సమాకలనం చేయిస్తారు. ఈ సూత్రం ఉంటే ఆ శ్రమ అక్కర్లేదు. ఫ = సైన్(అట) అయితే ఫ″ = −అ²·ఫ, ఫ(0) = 0, ఫ′(0) = అ. పై సూత్రంలో పెడితే స²·లా[ఫ] − అ = −అ²·లా[ఫ]. అంటే లా[ఫ] = అ/(స² + అ²). ఒక్క సమాకలని కూడా ముట్టుకోలేదు.

అనువర్తనం: కెపాసిటర్ చార్జింగ్

10 కిలోఓమ్‌ల నిరోధాన్ని 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌తో శ్రేణిలో కలిపి 5 వోల్టుల సప్లై ఇచ్చామనుకుందాం. నిరోధం, కెపాసిటెన్సుల లబ్ధం సరిగ్గా 1 సెకను. కెపాసిటర్‌లో ముందే 2 వోల్టులు ఉన్నాయి. దాని వోల్టేజీని వ అంటే, సెకన్లలో, సమీకరణం వ′ + వ = 5, వ(0) = 2.

రెండు వైపులా పరివర్తన తీసుకుంటే స·లా[వ] − 2 + లా[వ] = 5/స. దీన్నుంచి

లా[వ] = 2/(స + 1) + 5/(స(స + 1)) = 5/స − 3/(స + 1)

చివరి మెట్టు పాక్షిక భిన్నాలది. ఒకే పరివర్తన ఉన్న రెండు అవిచ్ఛిన్న ప్రమేయాలు ఒకటే అవుతాయని చెక్ గణితజ్ఞుడు మత్యాష్ లెర్ఖ్ నిరూపించాడు కనుక, పట్టిక చూసి వెనక్కి రావడానికి అడ్డంకి లేదు: వ(ట) = 5 − 3·ఇ^(−ట). ఒక సెకను తర్వాత సుమారు 3.9 వోల్టులు. ముందే ఉన్న 2 వోల్టులు సమీకరణంలోకి సూత్రపు రెండో పదం ద్వారానే వచ్చాయి.

స్ప్రింగుకు వేలాడే బరువు లాంటి ద్వితీయ క్రమ సమస్యల్లోనూ పద్ధతి ఇదే. య″ + 4య = 0, య(0) = 1, య′(0) = 6 అయితే లా[య] = (స + 6)/(స² + 4). అంటే య = కొసైన్(2ట) + 3·సైన్(2ట).

తొలి, తుది విలువలు

విలోమ పరివర్తన చేయకుండానే ప్రమేయం రెండు కొసలనూ చూడటానికి కూడా ఈ ధర్మం దారి ఇస్తుంది. తగిన షరతులుంటే స అనంతానికి పోయేకొద్దీ స·లా[ఫ] తొలి విలువకు, స సున్నాకు దిగేకొద్దీ తుది విలువకు చేరుతుంది. పై సర్క్యూట్లో స·లా[వ] = 5 − 3స/(స + 1). ఒక కొసన 2, ఇంకో కొసన 5 వస్తాయి.

తుది విలువ సూత్రాన్ని ఇష్టం వచ్చినట్లు వాడితే మోసపోతాం. సైన్(ట) కు స·లా[ఫ] = స/(స² + 1), స సున్నాకు పోతే ఇదీ సున్నాకు పోతుంది. సైన్ మాత్రం ఎక్కడా నిలవదు. తుది విలువ నిజంగా ఉందని వేరే దారిలో తెలిశాకే ఆ సూత్రం జోలికి వెళ్లాలి.

గణిత వాచకాలు ఫ(0) అంటే సున్నాకు కుడివైపు నుంచి వచ్చే విలువగా తీసుకుంటాయి. విద్యుత్, నియంత్రణ వ్యవస్థల వాచకాలు చాలావరకు స్విచ్ వేయడానికి ముందున్న విలువను, అంటే ఎడమవైపు విలువను తీసుకుంటాయి. సున్నా దగ్గరే గెంతు ఉన్న లెక్కల్లో ఈ రెండూ వేర్వేరు. కాబట్టి సూత్రం రాసేముందు చేతిలోని పుస్తకం ఏ పద్ధతిలో నడుస్తోందో విద్యార్థి చూసుకోవాలి.