న్యూ టౌన్: అమ్మకానికి కట్టిన చిన్న ఇళ్లు

కోల్‌కతాకు ఈశాన్యంగా, సాల్ట్ లేక్‌ను దాటాక వచ్చే న్యూ టౌన్ 1990ల దాకా రాజార్‌హాట్ పల్లెల సముదాయం. వరి, కూరగాయల మళ్లు, మధ్యమధ్య ‘భేరీ’లనే చేపల చెరువులు. నిలువ నీడ లేనివాళ్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి శిబిరాలు 1950ల్లో బాగ్‌జోలా కాలువ వెంట వెలిశాయి. ఆ శరణార్థులనే కాలువ తవ్వకానికి కూలీలుగా పెట్టారు. దశాబ్దం చివర్లో శిబిరాలు మూసేసి, దండకారణ్యానికి, అంటే తెలుగు నేలను ఆనుకుని ఉన్న మల్కన్‌గిరి వంటి చోట్లకు పొమ్మంటే చాలామంది మొరాయించారు.

నగరంలో మిగిలిన శరణార్థులు ఖాళీ జాగాల్లో ‘జబర్‌దఖల్’ (ఆక్రమణ) కాలనీలు వేసుకున్నారు. ప్రభుత్వం వాటిని ఆలస్యంగానైనా గుర్తించి పట్టాలిచ్చింది. బస్తీలది మరో దారి. జమీందారు స్థలాన్ని ఠికా కౌలుదారు తీసుకుని గుడిసెలు వేసి, గదుల లెక్కన అద్దెకిచ్చేవాడు. 1949లో వచ్చిన ఠికా చట్టం ఆ కౌలుదారుకు కొంత రక్షణ కల్పించింది. 1981 చట్టంతో ఆ భూములు ప్రభుత్వపరమయ్యాయి. కోల్‌కతాలో పేదలకు ఇల్లు ఎక్కువగా ఈ రెండు దారుల్లోనే దక్కింది. కట్టింది వాళ్లు, హక్కును ఒప్పుకున్నది ప్రభుత్వం. న్యూ టౌన్‌లో ఈ వరస తిరగబడింది.

1999లో వామపక్ష ప్రభుత్వం హిడ్కో అనే సంస్థను పెట్టి కొత్త పట్నం పని అప్పగించింది. ముఖ్యమంత్రి జ్యోతి బసు, గృహనిర్మాణ మంత్రి గౌతమ్ దేబ్. 1960ల్లో హుగ్లీ నది ఇసుక మేటతో పూడ్చి కట్టిన సాల్ట్ లేక్ మధ్యతరగతి కోసమని మొదలై సంపన్నుల పేటగా మారింది. కొత్త పట్నం అలా కాకూడదన్నది అప్పటి మాట. 1894 నాటి భూసేకరణ చట్టం కింద వేల ఎకరాలు తీసుకున్నారు. పరిహారం కఠా లెక్కన కట్టారు. కఠా అంటే 80 గజాలు. పట్టాలో పేరున్న రైతుకు డబ్బు వచ్చింది, నమోదైన బర్గాదారుకు, అంటే పాలు చేసే రైతుకు, చిన్న వాటా దక్కింది. పొలంలో కూలి చేసినవారికీ, భేరీల్లో వల వేసినవారికీ ఏమీ రాలేదు. 1978లో ‘ఆపరేషన్ బర్గా’తో పాలు రైతుల పేర్లను ఊరూరా నమోదు చేయించిన ప్రభుత్వమే ఇరవై ఏళ్లకు ఆ పేర్ల కింది నేలను తీసుకుంది. అదే భూమి తర్వాత ఎన్నో రెట్ల ధరకు అమ్ముడుపోవడంతో నిరసన పెరిగింది. భూమి పోయినవారికి ఉపాధి చూపాలని ఇసుక, ఇటుక, కంకర సరఫరా చేసే సహకార సంఘాలు పెట్టించారు. కొన్నేళ్లకు అవే ‘సిండికేట్లు’గా మారి, తమ దగ్గర సరుకు కొనందే పునాది తీయనివ్వని స్థితికి వచ్చాయి.

పేదల ఇళ్లకు ఎంచుకున్న పద్ధతి ఉమ్మడి రంగం. ప్రభుత్వ గృహనిర్మాణ మండలి, ప్రైవేటు సంస్థ కలిసి కంపెనీ పెడతాయి. పెద్ద ఫ్లాట్ల లాభంతో చిన్న ఫ్లాట్ల ధర తగ్గిస్తాయి. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీతో తెలుగువారికి పరిచయమైన ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ మాటలే అక్కడా చెల్లాయి. ఈ వరుసలో అతి పెద్దది షాపూర్జీ పల్లోంజీ కట్టిన ‘సుఖోబృష్టి’. దాదాపు 150 ఎకరాల్లో 20 వేల ఫ్లాట్లు, లాటరీలో కేటాయింపు. చిన్న ఫ్లాటు సుమారు 300 చదరపు అడుగులు. ధర బయటి మార్కెట్ కంటే తక్కువే. కానీ దరఖాస్తుతో పాటు కొంత డబ్బు కట్టాలి, మిగిలినదానికి బ్యాంకు అప్పు కావాలి, అప్పుకు జీతం చీటీ కావాలి. నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికి జీతం చీటీ ఎవరిస్తారు? లాటరీ గెలిచినవారిలో పలువురు ఫ్లాటును అద్దెకిచ్చారు. 2021 జూన్‌లో పంజాబ్ నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు నేరస్థులు పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఈ సముదాయంలోని అద్దె ఫ్లాటులోనే.

ఫ్లాటు కొనలేనివారు ప్రణాళికలో లేని చోట్ల స్థిరపడ్డారు. సేకరణలో పొలాలు పోయినా ఇళ్లు మిగిలిన పల్లెలు టవర్ల మధ్య ఇరుక్కుపోయాయి. ఈ పల్లెల్లోని కొందరు మాజీ రైతులు పెరట్లో రేకుల గదులు, తడకల గదులు వేసి అద్దెకిచ్చారు. పనిమనుషులు, కాపలాదారులు, రిక్షావాళ్లు అక్కడే తలదాచుకున్నారు. ఠికా బస్తీ పద్ధతే ఇక్కడ మళ్లీ మొలిచింది, ఈసారి చట్టం రక్షణ లేకుండా.

కట్టడం కూలీల పరిస్థితి ఇంకా విచిత్రం. మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల నుంచి వచ్చేవారు సైట్ పక్కన రేకుల షెడ్లలో ఉంటారు. 1996 నాటి కార్మిక చట్టం యజమాని ఉచితంగా తాత్కాలిక వసతి కల్పించాలంది, పని ముగియగానే దాన్ని తొలగించాలని కూడా అంది. ఇల్లు పూర్తయిన నాడు అది కట్టినవాడి నీడ పోవడం చట్టప్రకారమే జరిగేది. 2011 జనగణన కోల్‌కతాలో ఇల్లు లేనివారిని దాదాపు 70 వేలుగా లెక్కించింది. అది కప్పు కింద లేనివారి లెక్క. షెడ్డులో ఉన్నవాడు అందులోకి రాడు.

2011లో అధికారంలోకి వచ్చిన తృణమూల్ కాంగ్రెస్ బలవంతపు సేకరణ ఉండదని ప్రకటించింది. సేకరించి పెట్టిన భూమిపైనే పట్నం పెరిగింది. 2012 చివర్లో ఎకో పార్క్ తెరిచారు. చిన్న ఇళ్ల విషయంలో పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. 2025లో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించిన ‘నిజన్న’, ‘సుజన్న’ భవనాల్లో మొదటిది ఆర్థికంగా బలహీన వర్గాలకు 490 ఫ్లాట్లతో, రెండోది తక్కువ ఆదాయ వర్గాలకు 720 ఫ్లాట్లతో కట్టినవి. స్థలం 7 ఎకరాలు, కేటాయింపు లాటరీలో, ఫ్లాటు అమ్మకానికే. వలస కార్మికులకు సరసమైన అద్దె ఇళ్ల కోసం కేంద్రం 2020లో పథకం తెచ్చింది. న్యూ టౌన్‌లో చౌక అద్దె గది మాత్రం ఇప్పటికీ ఆ పాత పల్లెల్లోనే దొరుకుతుంది.