పలక మీద రాత, టేపు మీద బొమ్మ



మన ఇళ్లల్లో ఏ బీరువా అడుగునో ఓ పాత పెళ్లి క్యాసెట్టు ఉంటుంది గదా! దాన్ని వేసి చూసే యంత్రం మాత్రం ఉండదు. ఈ తంటా మనకే కాదండీ, పెద్ద పెద్ద టెలివిజన్ కేంద్రాలకూ ఉంది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

టీవీ వచ్చిన కొత్తలో నాటకమైనా, వార్తలైనా అప్పటికప్పుడు ప్రసారమైపోవలసిందే. దాచుకోవాలంటే తెరకెదురుగా సినిమా కెమేరా పెట్టి ఫిల్ము తీసేవారు. బొమ్మ మసకగా వచ్చేది. అమెరికాలో తూర్పు తీరానికీ, పడమటి తీరానికీ 3 గంటల తేడా. న్యూయార్కులో సాయంత్రం 7 గంటలైతే లాస్ ఏంజిలిస్‌లో ఇంకా 4 గంటలే. అక్కడి వార్తలు ఇక్కడ అదే వేళకు చూపించడమెలా?

1956 ఏప్రిల్‌లో షికాగోలో ఆంపెక్స్ కంపెనీ దీనికి జవాబు చూపించింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వంలో కొద్దిమంది ఇంజనీర్లు చేసిన యంత్రమది. బొమ్మను పట్టాలంటే టేపు మహా వేగంగా పరుగెత్తాలి. అలా అయితే టేపు మైళ్లకొద్దీ కావాలి. వాళ్లేం చేశారంటే, 2 అంగుళాల వెడల్పు టేపును సెకనుకు 15 అంగుళాల చొప్పున తాపీగా నడిపి, 4 హెడ్లున్న చక్రాన్ని నిమిషానికి 14,400 సార్లు తిప్పారు. అది టేపుకు అడ్డంగా, ముగ్గు గీతల్లా, పక్కపక్కన గీతలు గీసుకుంటూ పోయింది. ఆ నవంబరు 30న సి.బి.ఎస్. వారు సాయంకాలపు వార్తలు టేపు మీద పట్టి పడమటి తీరంలో ప్రసారం చేశారు.

యంత్రం ఖరీదు సుమారు 50 వేల డాలర్లు. టేపూ ఖరీదే. అందుకని మనం పాత సీసా కడిగి పప్పు పోసుకున్నట్లు, టేపు చెరిపి మళ్లీ వాడేవారు! లండన్‌లో బి.బి.సి. వారు 1960ల నాటి 'డాక్టర్ హూ' భాగాలు ఎన్నో అలా పోగొట్టుకున్నారు. కొన్నింటి ఫిల్ము ప్రతులు విదేశాల్లో దొరికాయి, చాలావాటికి ఆ అదృష్టమూ లేదు.

తర్వాత టేపు సన్నబడుతూ వచ్చింది. 1971లో సోనీ వారి ముప్పావు అంగుళం యూ-మ్యాటిక్ క్యాసెట్టు, 1976లో ఒక అంగుళం రీలు, 1982లో అరంగుళం బీటాక్యామ్ వచ్చాయి. బీటాక్యామ్‌తో కెమేరా, రికార్డరు ఒక్కటై భుజమెక్కాయి. 1993లో డిజిటల్ బీటాక్యామ్. ఇప్పుడు టేపు పోయి కార్డులు, డిస్కులు. కొత్త రకం వచ్చినప్పుడల్లా పాత యంత్రం మూలపడింది. దాంతోపాటు బొమ్మా మూగబోయింది.

టీవీ కేంద్రాలు చెరిపేస్తుంటే ఓ మహిళ దాచింది సుమండీ! ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ, ఒకప్పటి లైబ్రరీ ఉద్యోగిని, 1970ల చివరి నుంచి 2012లో కన్నుమూసేదాకా ఇంట్లోనే రాత్రింబవళ్లు టీవీ వార్తలు రికార్డు చేశారు. సుమారు 70 వేల క్యాసెట్లు! అందరూ వింతగా చూసిన ఆ అలవాటే ఇవాళ చరిత్రకు ఆధారం.

టేపుకు చెమ్మ పడదు. ఆ పెళ్లి క్యాసెట్టు తీసి, అట్ట మీద పేర్లూ, తేదీ రాసి, యంత్రం దొరికే కాలంలోనే కంప్యూటరులోకి ఎక్కించండి. అమ్మమ్మ నవ్వు ఒక్కసారి చెరిగితే మళ్లీ పలక మీద రాయలేం గదా!